చెరువు గట్టు మీది మధ్యాహ్నానికి విలువ కట్టడం



1947లో అమెరికా జాతీయ ఉద్యానవనాల శాఖ కొందరు ఆర్థికవేత్తలకు ఉత్తరాలు రాసి సలహా అడిగింది. మా వనాలకు జనం వస్తారు. నడుస్తారు, గుడారాలు వేసుకుంటారు, ఏటి ఒడ్డున కూర్చుని గాలాలు వేస్తారు, ఇళ్లకు పోతారు. వాళ్ల దగ్గర మేం తీసుకునే రుసుము బహు స్వల్పం. అలాంటప్పుడు ఈ వనాల వల్ల దేశానికి కలిగే మేలు ఇంత అని డబ్బుల్లో చెప్పగలమా? ఇదీ ప్రశ్న. అది అయ్యే పని కాదన్నవాళ్లే ఎక్కువ. నార్త్ కరోలినా విశ్వవిద్యాలయంలో గణాంక శాస్త్రం చెబుతున్న హెరాల్డ్ హోటెలింగ్ మాత్రం కుదురుతుందన్నాడు. ఎలా కుదురుతుందో ఒక చిన్న ఉత్తరంలో రాసి పంపాడు.

ఆయన చెప్పిందిది. గేటు దగ్గర కట్టే రుసుము అసలు ధర కాదు. అక్కడిదాకా రావడానికి మనిషి పెట్టే ఖర్చే అసలు ధర. అది అందరికీ ఒకటి కాదు. పక్క ఊరివాడికి తక్కువ, దూరపు ఊరివాడికి ఎక్కువ. వనం చుట్టూ వలయాలు గీయండి. ఒక్కో వలయం నుంచి రావడానికి ఎంత ఖర్చవుతుందో, ఆ వలయంలో ఉన్న జనాభాలో ఎంతమంది వస్తున్నారో చూడండి. దూరం పెరిగేకొద్దీ ఖర్చు పెరుగుతుంది, రాకడ తగ్గుతుంది. ఆ తగ్గుదలే మీకు కావలసిన డిమాండు రేఖ. ఉద్యానవనాల శాఖ ఈ సలహాను అప్పట్లో పక్కన పెట్టింది. ఆ ఉత్తరం 1949లో ఒక నివేదికలో అచ్చయి ఊరుకుంది. పదేళ్లు పోయాక, 1959లో, మేరియన్ క్లాసన్ అనే ఆర్థికవేత్త ఇదే దారిలో యోసెమిటీ లాంటి పెద్ద ఉద్యానవనాలకు లెక్క కట్టి చూపించాడు. 1964లో ఆరెగన్ రాష్ట్ర విశ్వవిద్యాలయం నుంచి బ్రౌన్, సింగ్, కాజిల్ అనే ముగ్గురు తమ రాష్ట్రపు నదుల్లో సరదాకి పట్టే సాల్మన్, స్టీల్‌హెడ్ చేపల వేటకు ఈ పద్ధతిలోనే విలువ కట్టారు. నదుల మీద వరసగా ఆనకట్టలు లేస్తున్న కాలం అది. కరెంటు విలువ ఎంతో, సాగునీటి విలువ ఎంతో కాగితం మీద ఉండేది. గాలం వేసేవాడి సంతోషానికి మాత్రం అంకె ఉండేది కాదు.

మన చెరువులకూ కాలువలకూ కూడా అలాంటి అంకె లేదు. అందుకే ఈ విషయం మీ ముందు పెడుతున్నాను.

నేను మాట్లాడుతున్నది వలతో బతికే మత్స్యకారుల వేట గురించి కాదు. ఆదివారం చెరువు గట్టు మీదనో, కాలువ వంతెన మీదనో, రిజర్వాయరు రాళ్ల మీదనో గాలం వేసుకుని కూర్చునేవాళ్ల గురించి. కడుపు నింపుకోవడానికి ఆ చేపే ప్రధాన ఆధారం కాకుండా, పట్టింది సాధారణంగా అమ్ముకోకుండా చేసే వేటను ఐక్యరాజ్య సమితి ఆహార, వ్యవసాయ సంస్థ వినోద వేట అంటుంది. మన దగ్గర ఈ గీత అంత స్పష్టంగా ఉండదు. పడితే సాయంత్రానికి పులుసు, పడకపోతే పొద్దు పోయింది. రెండూ ఒకే మనిషిలో ఉంటాయి. ప్రపంచం మొత్తం మీద ఇలా వేటాడేవాళ్లు 22 కోట్ల మంది ఉంటారని, ఏటా వాళ్లు 19,000 కోట్ల డాలర్ల దాకా ఖర్చు పెడతారని 2012లో ప్రపంచ బ్యాంకు అంచనా వేసింది.

ఒక మనిషి ఉదయం పూట ఎర్రలు తవ్వుకుని, గాలపు కర్ర భుజాన వేసుకుని బయల్దేరతాడు. నాలుగు గంటలు బెండు వైపే చూస్తూ కూర్చుంటాడు. రెండు జెల్లలు పడతాయి. ఆ నాలుగు గంటల విలువ ఎంత?

జెల్లల్ని తూకం వేసి మార్కెట్ ధరతో గుణిస్తే సరిపోతుందని వెంటనే తోస్తుంది. కానీ ఆ రెండు జెల్లలే కావాలనుకుంటే అతను సంతకే వెళ్లేవాడు, పావుగంటలో తిరిగొచ్చేవాడు. పట్టిన చేపను తిరిగి నీళ్లలో వదిలేసేవాళ్లూ ఉన్నారు. తూకం లెక్కలో వాళ్ల వేట విలువ సున్నా. ఆ సున్నా కోసం వాళ్లు దేశాలు దాటి ఎందుకు వస్తారో తూకం చెప్పలేదు.

రెండో జవాబు ఖర్చు. గాలాలు, రీళ్లు, పెట్రోలు, టిఫిన్లు, పడవ అద్దె అన్నీ కూడితే వేట విలువ వస్తుందంటారు. ప్రభుత్వాలు ఎక్కువగా వాడేది ఈ లెక్కనే. అమెరికా చేపల, వన్యప్రాణుల శాఖ 1955 నుంచి కొన్నేళ్లకొకసారి జాతీయ సర్వే చేస్తోంది. 2022 సర్వే ప్రకారం 16 ఏళ్లు దాటినవాళ్లలో దాదాపు 4 కోట్ల మంది చేపల వేటకు వెళ్లారు, 9,940 కోట్ల డాలర్లు ఖర్చు చేశారు. ఈ అంకెకు ఉపయోగం ఉంది, కాదనను. దుకాణాలెన్ని నడుస్తున్నాయో, ఎంతమందికి పని దొరుకుతోందో అది చెబుతుంది. 1950లో వచ్చిన డింగెల్-జాన్సన్ చట్టం ప్రకారం గాలాల మీద, రీళ్ల మీద వసూలయ్యే పన్ను అక్కడి నీళ్లలో చేపల్ని నిలబెట్టే పనులకే పోతుంది. ఆ పన్నుకు ఖర్చు లెక్క కావాలి.

అయితే ఖర్చు వేరు, విలువ వేరు. ఈ తేడా తెలియకుండా ఎన్ని సర్వేలు చేసినా ఫలితం తప్పే వస్తుంది. ఒక ఊహా చెరువును తీసుకుని చెబుతాను. అంకెలు చిన్నవే, కాస్త గుర్తుంచుకోండి.

చెరువు పక్కనే ఒక పల్లె ఉంది. అక్కడి నుంచి వచ్చి వేటాడి వెళ్లడానికి మనిషికి 50 రూపాయలు అవుతుంది. కొంచెం దూరంలో ఒక పట్నం ఉంది, అక్కడి నుంచి 150. ఇంకా దూరంలో నగరం, అక్కడి నుంచి 250. ఏడాదిలో వెయ్యిమంది జనాభాకి పల్లె నుంచి 300 రాకలు, పట్నం నుంచి 200, నగరం నుంచి 100 నమోదయ్యాయనుకోండి. అంటే ఖర్చు వంద పెరిగితే వంద రాకలు తగ్గుతున్నాయి. ఖర్చు 350 అయితే ఎవరూ రారు.

ఇప్పుడు వెయ్యిమందికి చొప్పున ఖర్చు కూడదాం. పల్లె పెట్టింది 300 ఇంటూ 50, మొత్తం 15,000. పట్నం పెట్టింది 30,000. నగరం 25,000. ఈ లెక్కన చెరువు మీద ఎక్కువ మక్కువ పట్నం వాళ్లది, అందరికన్నా తక్కువ పల్లెవాళ్లది.

హోటెలింగ్ చూపించిన దారిలో లెక్క వేద్దాం. మనిషి ఎంత ఇవ్వడానికి సిద్ధపడేవాడో అందులోంచి నిజంగా ఇచ్చింది తీసేస్తే మిగిలేదే అతని లాభం. ఇంటర్మీడియట్‌లో అర్థశాస్త్రం చదివినవాళ్లకు వినియోగదారుని మిగులు అనే పాఠం గుర్తుండే ఉంటుంది, అదే ఇది. పల్లెవాళ్లకు 50 అవుతోంది, వాళ్లలో ఒకరిద్దరైనా 350 దాకా ఇచ్చి వచ్చేవాళ్లే. అంటే రాకకు సగటున 150 రూపాయలు మిగులు. 300 రాకలకు 45,000. పట్నానికి రాకకు సగటున 100 చొప్పున 20,000. నగరానికి 50 చొప్పున 5,000. వరస మారిపోయింది. అందరికన్నా తక్కువ ఖర్చు పెట్టిన పల్లెకే ఆ చెరువు వల్ల అందరికన్నా ఎక్కువ మేలు జరుగుతోంది. చెరువు పోతే అందరికన్నా ఎక్కువ నష్టపోయేదీ ఆ పల్లే.

ఖర్చు లెక్కతో ఇంకో చిక్కు ఉంది. ఊరి చెరువులోకి ఏదో ఫ్యాక్టరీ నీళ్లు వదిలింది, చేపలు చచ్చాయి అనుకోండి. గాలం వేసేవాళ్లు మోటారు సైకిళ్లేసుకుని ముప్పై కిలోమీటర్ల అవతలి రిజర్వాయరుకు పోతారు. పెట్రోలు ఎక్కువ అవుతుంది, మధ్యాహ్నం హోటల్లో తినాల్సి వస్తుంది. ఖర్చు పెరిగింది. ఖర్చునే విలువ అనుకునేవాడి పట్టికలో ఆ ఏడాది చేపల వేట విలువ పెరిగినట్టు కనిపిస్తుంది. ఆ మనుషులు నిజానికి నష్టపోయారు.

అవతల ఇంకో మంచి రిజర్వాయరు ఉన్నప్పటి నష్టం, చుట్టుపక్కల ఏమీ లేనప్పటి నష్టం ఒకటి కావు కదా? కావు. ఎన్ని చోట్లున్నాయి, ఏ చోటికి ఎంత దూరం, ఎక్కడ ఏ చేప పడుతుంది అన్నీ చూసుకుని మనిషి ఒక చోటు ఎంచుకుంటాడు. ఆ ఎంపికల్ని చదివే గణితాన్ని డేనియల్ మెక్‌ఫాడెన్ 1970లలో రూపొందించాడు. 2000లో ఆయనకు అర్థశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. రవాణా ప్రణాళికల కోసం వాడిన ఆ పద్ధతినే నేడు వేట నష్టాల లెక్కలకూ వాడుతున్నారు. గొలుసు చెరువులున్న తెలంగాణ పల్లెకు ఒక చెరువు పోతే జరిగే నష్టం ఒక తీరు, ఒకే చెరువున్న రాయలసీమ పల్లెకు జరిగే నష్టం ఇంకో తీరు అని ఈ లెక్క విడదీసి చూపగలదు.

ఈ అంకెలు ఎవరిని అడిగి తెస్తాం అన్నది తర్వాతి ప్రశ్న. ఇక్కడ మన తెలుగువాడి పని ముందుకొస్తుంది.

తేలికైన దారి, ఒక మనిషిని పుస్తకం, పెన్ను ఇచ్చి చెరువు గట్టు మీదికి పంపడం. కనిపించినవాళ్లనల్లా ఏడాదికి ఎన్నిసార్లు వస్తారని అడగడం. ఒక ఊళ్లో వందమంది గాలం వేసేవాళ్లున్నారనుకోండి. పదిమంది ఏడాదికి యాభైసార్లు వస్తారు. తొంభైమంది రెండేసిసార్లు వస్తారు. అసలు సగటు ఏడుకు లోపే. కానీ గట్టు మీద నిలబడి అడిగేవాడికి ఎదురుపడేది ఎవరు? రోజూ కనిపించే ఆ పదిమందే పదేపదే ఎదురుపడతారు. అతని పుస్తకంలో తేలే సగటు ముప్పై ఏడు. అడిగినవాడు అబద్ధం రాయలేదు, చెప్పినవాళ్లు అబద్ధం చెప్పలేదు. అయినా ఫలితం అయిదు రెట్లకు పైగా తప్పింది.

ఇలాంటి తప్పును పట్టుకుని సరిచేసే సిద్ధాంతాన్ని 1965లో సాధారణ రూపంలో పెట్టినవారు కల్యంపూడి రాధాకృష్ణారావు. హడగళిలో 1920లో తెలుగు కుటుంబంలో పుట్టి, వాల్తేరులో ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితం చదివి, కలకత్తా భారత గణాంక సంస్థలో దశాబ్దాలు పనిచేసిన సి.ఆర్. రావుగారే. ఆయన దీన్ని తరగతి గదిలో చూపించేవారు. అక్కడున్న అబ్బాయిల్ని, మీ ఇంట్లో మీతో కలిపి అన్నదమ్ములెంతమంది, అక్కచెల్లెళ్లెంతమంది అని అడిగేవారు. కూడితే ఎప్పుడూ మగపిల్లల సంఖ్యే బాగా ఎక్కువ వచ్చేది. ఎందుకంటే మగపిల్లలే లేని ఇల్లు ఆ లెక్కలోకి రానే రాదు, ఎక్కువమంది మగపిల్లలున్న ఇల్లు ఎక్కువగా వస్తుంది. దేన్ని ఏ అవకాశంతో చూశామో తెలిస్తే ఆ మేరకు బరువులు సర్ది అసలు సంగతి రాబట్టవచ్చని ఆయన చూపారు. 1978లో జి.పి. పాటిల్‌తో కలిసి రాసిన వ్యాసంలో దీన్ని వన్యప్రాణుల లెక్కలకు అన్వయించారు. 1988లో డగ్లస్ షా అనే ఆర్థికవేత్త విహార స్థలాల సర్వేలకు ఇలాంటి సవరణే చెప్పాడు. పాసాన్ అనే గణాంక నమూనాతో లెక్కించేటప్పుడు ఆ సవరణ ఎంత సులువంటే, ప్రతి ఒక్కరూ చెప్పిన రాకల సంఖ్యలోంచి ఒకటి తీసేస్తే చాలు. 2023లో నూటరెండేళ్ల వయసులో రావుగారు కన్నుమూశారు. గణాంకాల్లో ఆయన పేరు చెప్పుకుని గర్వపడతాం. ఆయన నేర్పిన జాగ్రత్తను మన ఊళ్లలో జరిగే సర్వేల్లో పాటించడం అంతకన్నా అవసరం.

కాలానికి ధర కట్టడం ఇంకో ముడి. చెరువు దగ్గరికి రావడానికి గంట పట్టింది. ఆ గంట ధర ఎంత? కూలీలో మూడో వంతు వేసుకోవడం ఈ రంగంలో వాడుక అయిపోయింది. ఈ వాడుక నాకు మింగుడు పడదు. ఇంజనీరు గంటకు ఒక ధర, వ్యవసాయ కూలీ గంటకు ఇంకో ధర, ఉద్యోగం లేని కుర్రాడి గంటకు దాదాపు ఏమీ లేదు. అలా లెక్కిస్తే ఉన్నవాళ్లుండే చోటి చెరువు విలువ దానంతటదే పెరుగుతుంది, కూలీల వాడ పక్కనున్న చెరువు విలువ తగ్గుతుంది. ఇవ్వగలిగిన స్థోమత కూడా ఇవ్వడానికి ఉన్న ఇష్టంలో కలిసిపోయి ఉంటుందని అర్థశాస్త్రం ఒప్పుకుంటుంది. ఒప్పుకుని ఊరుకుంటే సరిపోదు. మొత్తం విలువతో పాటు అది ఎవరెవరికి ఎంత అన్నది కూడా నివేదికలో విడిగా రాయాలి.

అసలు అక్కడికి ఎప్పుడూ వెళ్లని వాళ్లకి కూడా ఒక నది మీద ప్రేమ ఉంటుంది. దాన్ని ప్రయాణ ఖర్చుతో కొలవలేం, నేరుగా అడగాలి. వాషింగ్టన్ రాష్ట్రంలో ఎల్వా నది మీది రెండు ఆనకట్టలు తీసేసి సాల్మన్లను మళ్లీ రానివ్వడానికి ఏటా ఎంత ఇస్తారని జాన్ లూమిస్ అనే ఆర్థికవేత్త కొన్ని ఇళ్లవాళ్లను అడిగి 1996లో ఫలితం అచ్చు వేశాడు. అక్కడి జిల్లాలో ఇంటికి సగటున 59 డాలర్లు, మిగతా రాష్ట్రంలో 73, మిగతా దేశంలో 68. 2011లో మొదలుపెట్టి 2014 నాటికి ఆ ఆనకట్టలు రెండూ తీసేశారు. మాటతో ఇచ్చే డబ్బు కన్నా కాళ్లతో నడిచి వచ్చిన దూరాన్నే నేను ఎక్కువ నమ్ముతాను. అయినా ఆనకట్టలాంటి పెద్ద నిర్ణయాల్లో ఆ ప్రశ్న అడగక తప్పదు.

మన పక్కనే జరిగిన ఒక కథ చెప్పాలి. కర్ణాటకలో కావేరి మీద భీమేశ్వరి, దొడ్డమాకళి, గాలిబోరె శిబిరాలుండేవి. మహసీర్ చేప కోసం విదేశాల నుంచి కూడా వేటగాళ్లు వచ్చేవారు. రాగి ముద్దను ఎరగా పెట్టి పట్టేవారు, తూకం వేసి తిరిగి నీళ్లలో వదిలేసేవారు. వాళ్లకు దారి చూపినవాళ్లు చుట్టుపక్కల ఊళ్లవాళ్లే. వాళ్లలో ఒకప్పుడు దొంగచాటుగా చేపలు పట్టినవాళ్లూ ఉన్నారు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అభయారణ్యంలో గాలం వేయడం కూడా వేటే అన్న అభిప్రాయం బలపడి, 2012 ప్రాంతానికి ఆ శిబిరాల్లో గాలాలు ఆగిపోయాయి.

తర్వాత ఆ శిబిరాల పుస్తకాలు తిరగేసిన శాస్త్రవేత్తలకు ఒక నిధి దొరికింది. గాలిబోరెలో 1998 నుంచి 2012 దాకా 23,620 గంటల వేట, పట్టి వదిలిన 6,161 మహసీర్లు, ఒక్కోదాని బరువు, తేదీ. ఆ రాతల్లోంచే తెలిసింది, మూపురం ఉన్న అసలు కావేరి మహసీర్ తగ్గిపోతోందని, దాని చోటును బయటి నుంచి తెచ్చి వదిలిన నీలి రెక్కల మహసీర్ ఆక్రమిస్తోందని. 2018లో ఆ మూపురపు చేప టోర్ రెమదేవి జాతిదని తేల్చారు, అదే ఏడాది అది అంతరించే ప్రమాదం అతి తీవ్రంగా ఉన్న జాతుల జాబితాకెక్కింది.  సరదాగా వేటాడినవాళ్లు పట్టిన చేపల లెక్కలే అవి. శిబిరం ఆదాయం లెక్కలో ఈ సమాచారం విలువ ఎక్కడుంది? అభయారణ్యంలో గాలం ఉండాలా వద్దా అన్నది వేరే చర్చ. ఆపేముందు ఏం పోతుందో లెక్క వేసుకుని ఆపాల్సింది.

మళ్లీ మన చెరువులకు వస్తాను. ఇక్కడ గాలం వేసేవాడు ఒక్కడే లేడు. చాలా చెరువుల్లో చేప మీద హక్కు మత్స్యకారుల సహకార సంఘానిది. తెలంగాణలో 2016 నుంచి ప్రభుత్వం ఉచితంగా చేపపిల్లల్ని వదులుతోంది, అవి సంఘం సభ్యుల బతుకుతెరువు కోసం. గట్టు మీది గాలానికి పడ్డ ప్రతి బొచ్చె, ప్రతి కొరమీను సంఘం వలలోంచి పోయినట్టే. కాబట్టి గాలం వేసేవాడి మిగులును లెక్కించేటప్పుడు సంఘానికి తగ్గిన దాన్ని తీసేయాలి. ఈ మాట చెప్పకుండా వినోద వేట విలువ ఇంత అంటే మత్స్యకారుడికి అన్యాయం చేసినట్టే.

ఇలాంటి తగువు మెక్సికో సింధుశాఖలో రెడ్ స్నాపర్ చేప మీద ఏళ్లుగా నడుస్తోంది. వాటా 51 శాతం అమ్మకానికి పట్టే మత్స్యకారులకి, 49 శాతం సరదా వేటగాళ్లకి. మా రంగం విలువ ఇన్ని వందల కోట్లు అని రెండు పక్షాలూ మొత్తాలు చూపిస్తాయి. మొత్తాలతో ఈ తగువు తేలదు. ఇంకో వంద చేపలు ఈ పక్షానికిస్తే ఎంత మేలు, ఆ పక్షానికిస్తే ఎంత మేలు అని చూడాలి. దాన్నే ఉపాంత విలువ అంటారు. నాలుగు గంటల్లో రెండు చేపలు పడినా గాలం వేసేవాడు తృప్తిగా ఇంటికి పోతాడు, మూడో చేప అతనికి చేర్చేది కొంచెమే. సంఘానికి ప్రతి కిలో డబ్బే. ఈ సంగతి చాలా చెరువుల్లో ఇద్దరికీ సర్దుబాటు చేయగలదని నా నమ్మకం. రోజుకు రెండు చేపలకు మించకుండా, చేపపిల్లలు వదిలిన తొలి నెలల్లో గాలం వేయకుండా, సంఘానికి చిన్న రుసుము కట్టి వేటాడే పద్ధతి పెట్టవచ్చు. రుసుము ఎంత ఉండాలో మనం ఇందాక వేసుకున్న వలయాల లెక్కే చెబుతుంది. అయితే స్థోమత కూడా చూడాలి కాబట్టి పల్లెవాడి దగ్గర తీసుకోనక్కర్లేదు, నగరం నుంచి కారులో వచ్చినవాడి దగ్గర తీసుకోవచ్చు.

ఈ పని మొదలుపెట్టడానికి పెద్ద నిధులు అక్కర్లేదు. ఒక డిగ్రీ కళాశాల అర్థశాస్త్ర విభాగం ఒక చెరువును ఎంచుకుంటే చాలు. పిల్లల్ని గట్టు మీదికి పంపడంతో ఆపకుండా, పల్లెలో, పట్నంలో, నగరంలో కొన్ని ఇళ్లను చీటీలు తీసి ఎంచుకుని ఆ ఇళ్లకు పంపాలి. ఎప్పుడూ గాలం పట్టని ఇల్లు కూడా లెక్కలో ఉండాలి. వేసవిలో ఒకసారి, చెరువు అలుగు పారే రోజుల్లో ఒకసారి వెళ్లాలి. గత మూడు నెలల్లో ఎన్నిసార్లు వెళ్లారు, దేనిమీద వెళ్లారు, ఎంత ఖర్చయింది, ఏం పడింది, ఇంట్లో వండుకున్నారా, వదిలేశారా అని అడగాలి. చివరగా, ఈ చెరువు లేకపోతే ఎక్కడికి పోతారు అని అడగాలి. ఎక్కడికీ పోం, మానేస్తాం అన్న ఇళ్లెన్నో విడిగా రాసుకోవాలి.